ఫిలిప్ మర్రే కథ చెప్పాలంటే ముందు కాటా తెప్పించండి

మేడేకి మా రామచంద్రపురంలో బస్తాలు మోసే ముఠావాళ్ళకి అమెరికా కార్మిక నాయకుడు ఫిలిప్ మర్రే కథ ఏటా నేనే చెబుతానండి. మీ ఊళ్ళో మీరు చెప్పాలనుకుంటే "1886లో స్కాట్లండులో పుట్టాడు" అని మాత్రం ఎత్తుకోకండి. పొద్దుటినుంచీ ధాన్యం బస్తాలు మోసిన మనిషికి అక్కడే కునుకు పడుతుంది.

కాటా మధ్యలో పెట్టండి. ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చూపిస్తుందని అందరికీ చూపించండి. 20 కిలోల తూకంరాయి పెట్టి అంకె పైకి చదవండి. ఇక 78 కిలోలు నింపిన బస్తా ఎక్కించి, ఒక కుర్రాణ్ణి వెనక నిలబెట్టి బస్తా అంచుని అరచేత్తో కాస్త ఎత్తమనండి. కాటా 75 దగ్గర ఆగుతుంది. మన కూలి బస్తాకింత అని కదా, ఆ మూడు కిలోలూ ఊరికే మోసినట్టే. వయసులో ఉండగా ఒక మిల్లులో ఇదే అడిగాను. మర్నాటినుంచి నన్ను పనికి పిలవలేదు. మీకూ అలాంటిది జరిగుంటే దాచుకోకుండా చెప్పండి.

ఇప్పుడు అమెరికాలోని పెన్సిల్వేనియా బొగ్గుగనులకి వెళ్ళండి. అక్కడ తవ్విన బొగ్గుకి టన్నుకింత కూలి. 1904లో, 18 ఏళ్ళ మర్రే తన బొగ్గు తక్కువ తూస్తున్నారని తూకందారుతో కలబడ్డాడు. పని పోయింది. అతనికోసం 600 మంది పని ఆపేశారు. కంపెనీ ఇంట్లోంచి ఆ కుటుంబాన్ని బయటికి గెంటేశారు. నాలుగు వారాలకి ఆకలికి తాళలేక అందరూ మళ్ళీ గనిలోకి దిగారు. ఓడిపోయారని దాచకండి. వినేవాళ్ళలో ఓడినవాళ్ళే ఎక్కువ.

పదేళ్ళకే గనిలోకి దిగినవాడనీ, 1902లో తండ్రితో అమెరికాలో ఓడ దిగాడనీ ఇక్కడ చెప్పండి. కాకినాడనుంచి రంగూన్ వెళ్ళిన తాతలూ, కువైట్లో ఉన్న ఆడపడుచులూ ఉన్న మనకి అది వేరే విడమరచి చెప్పక్కర్లేదు.

పదవులు రెండు వాక్యాల్లో దాటెయ్యండి. 1920లో గనికార్మికుల యూనియన్ ఉపాధ్యక్షుడు, 1940లో సీఐఓ అనే కార్మిక సంఘాల సమాఖ్యకి అధ్యక్షుడు, 1942లో ఉక్కు కార్మికుల యూనియన్ తొలి అధ్యక్షుడు. దానికన్నా ఒక మాట నిదానంగా చెప్పండి: గనుల్లో కార్మికులు తమలో ఒకణ్ణి ఎన్నుకుని, తలా కాస్త వేసి జీతమిచ్చి, తూకం చూడ్డానికి కాటా దగ్గర నిలబెట్టుకునేవారు. మన ముఠాలో ఆ మనిషి ఎవరో అక్కడే అడగండి.

మీటింగ్ అయ్యాక కాటా వెంటనే తీసెయ్యకండి. తూకంరాయి పక్కనే ఉంచండి. ఒక్కొక్కరూ వచ్చి పెట్టి చూసుకుంటారు.