కరిగిన మంచు సముద్ర ప్రవాహాన్ని ఎలా అడ్డుకుందో గ్లాసుల్లో చూపించే పద్ధతి

ఉప్పునీటి మీద మంచినీరు తేలుతుందన్న సంగతి అంతర్వేది, యానాం వైపు పిల్లలకు కొత్త కాదు. వేసవిలో గోదావరి ప్రవాహం సన్నగిల్లినప్పుడు పోటుతో పాటు ఉప్పునీరు అడుగునుంచి ఎగదన్నుకొస్తుందని ఇంట్లో పెద్దలు చెప్పగా వాళ్లు వినే ఉంటారు. ఆ ఎరుక ఆధారంగానే, సుమారు 12,900 ఏళ్ల కిందట, మంచుయుగం ముగిసిపోతున్న సమయంలో ఉత్తర అట్లాంటిక్ చుట్టుపక్కల ప్రాంతాలు మళ్లీ గడ్డకట్టే చలిలోకి ఎందుకు వెళ్లాయో తరగతిలో చూపించవచ్చు. పాఠాన్ని ప్రపంచ పటంతో మొదలుపెట్టే ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే: ముందు గ్లాసు చూపించండి, పటం తరువాత తీయండి.

ముందురోజు రాత్రి నీటిలో కొంచెం నీలి సిరా కలిపి, ఫ్రిజ్‌లోని ట్రేలో గడ్డకట్టించాలి. లీటరు మంచినీటిలో 35 గ్రాముల ఉప్పు పూర్తిగా కరిగించాలి. కల్లుప్పు వాడితే నీటిని పలుచని గుడ్డలో వడకట్టాలి, లేకపోతే మడ్డి వల్ల రంగు కదలిక కనిపించదు. రొయ్యల చెరువులున్న వాళ్ల దగ్గర సెలినిటీ, అంటే నీటిలోని ఉప్పదనం, చూసే రిఫ్రాక్టోమీటరు ఉంటుంది కాబట్టి, అడిగి తెచ్చుకుని, రీడింగు 35 దరిదాపుల్లో ఉందో లేదో సరిచూసుకోవచ్చు. వరదల కాలంలో నదీముఖం దగ్గరి సముద్రపు నీరు ఈ పనికి రాదు, అప్పటికి దానిలో ఉప్పు బాగా పలుచబడి ఉంటుంది. ఉప్పునీటినీ మామూలు నీటినీ ఒకే గదిలో కొన్ని గంటలు ఉంచి, రెండింటి వేడి సమానమయ్యాకే రెండు పొడవాటి గాజు గ్లాసుల్లో పోయాలి.

ఏ గ్లాసులో మంచు ముందు కరుగుతుందో పిల్లల చేత ముందే చెప్పించండి. ఉప్పు మంచును కరిగిస్తుందని విన్నవాళ్లలో చాలామంది ఉప్పునీటినే చూపిస్తారు. తరువాత వెనుక తెల్లకాగితం నిలబెట్టి, ఒక్కో గడ్డను మెల్లగా వదిలి, గ్లాసులను కదపకుండా చూడాలి. మామూలు నీటిలో నీలిరంగు సన్నని పోగులుగా అడుగుకు దిగుతుంది, కింది వెచ్చని నీరు పైకి వస్తుంది, గడ్డ త్వరగా కరిగిపోతుంది. ఉప్పునీటిలో ఆ నీలం పైనే మూతలా పరుచుకుంటుంది. ఆ చల్లని పొరలోనే గడ్డ చాలాసేపు మిగిలి ఉంటుంది.

28 డిగ్రీల మామూలు నీటిని 4 డిగ్రీలకు చల్లబరిచినా దాని సాంద్రత అర శాతం కూడా పెరగదు, కాని లీటరుకు 35 గ్రాముల ఉప్పు దాన్ని సుమారు 2.5 శాతం పెంచుతుంది. అందుకే ఎంత చల్లగా ఉన్నా మంచినీరు సముద్రంలో మునగలేదు.

ఇప్పుడు పటం తీయండి. ఉష్ణమండలం నుంచి వెళ్లే వెచ్చని ఉప్పునీరు గ్రీన్‌లాండ్, నార్వే దరిదాపుల్లో చల్లబడి, బరువెక్కి, లోతుకు దిగి, అక్కడినుంచి దక్షిణానికి మళ్లుతుంది. కెనడాను కప్పిన లారెన్‌టైడ్ హిమఫలకం కరిగిన నీరు ఆ ప్రాంతపు ఉపరితలాన్ని పలుచబరచడంతో ఆ దిగుడు బలహీనపడి, ఉత్తరానికి చేరే వేడి తగ్గిందని ఎక్కువమంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఆ నీరు సెయింట్ లారెన్స్ నది మీదుగా అట్లాంటిక్‌కు వెళ్లిందా, మెకెంజీ నది మీదుగా ఆర్కిటిక్‌లో కలిసిందా అన్న వాదన ఇంకా తేలలేదు. దాన్ని పిల్లలకు దాచవలసిన పని లేదు. యంగర్ డ్రయాస్ అనే ఆ చలి దశ సుమారు 11,700 ఏళ్ల కిందట ముగిసింది. ఆ ముగింపులో గ్రీన్‌లాండ్ కొన్ని దశాబ్దాల్లోనే సుమారు 10 డిగ్రీలు వేడెక్కింది.

ఇది మనకు దూరపు విషయం కాదు. ఉత్తర అట్లాంటిక్ చల్లబడినప్పుడు ఉష్ణమండలపు వానల పట్టీ దక్షిణానికి జరుగుతుంది. ఆ కాలంలో మన నైరుతి రుతుపవనాలు బలహీనపడిన ఆనవాళ్లు మేఘాలయలోని మౌమ్లుహ్ గుహలో పేరుకున్న సున్నపు పొరల్లో దొరికాయి.

గాలినీ భూభ్రమణాన్నీ ఈ గ్లాసులు చూపించలేవని తప్పక చెప్పాలి. వ్యవధి ఉంటే, లీటరుకు 5 గ్రాముల ఉప్పుతో మూడో గ్లాసు సిద్ధం చేయండి. గది వేడి 28 డిగ్రీల దగ్గర ఉంటే అక్కడ చలి, ఉప్పు దాదాపు సరితూగుతాయి. నీలిరంగు దిగాలా నిలవాలా అన్నట్టు తచ్చాడుతుంది. ఉప్పును గ్రాము తగ్గించి ఒకసారి, పెంచి మరొకసారి చేయించి, రంగు నడకలో తేడాను పిల్లల చేతే రాయించండి. వేడి, ఉప్పు ఇలా ఎదురెదురుగా లాగే చోట ప్రవాహం రెండు వేర్వేరు తీరుల్లో స్థిరపడగలదని సముద్ర శాస్త్రవేత్త హెన్రీ స్టోమెల్ 1961లో గణితంతో నిరూపించారని ఆ రాతలు ముందుంచుకుని చెబితే, పై తరగతుల పిల్లలు సులువుగానే అందుకుంటారు.