పూరీముకు ముందు అర షెకెలు: ఇచ్చేవారికీ సేకరించేవారికీ కొన్ని సూచనలు

ఎస్తేరు గ్రంథంలోని విడుదలను తలచుకునే యూదుల పండుగ పూరీము. దానికి ముందు అర షెకెలు (పాతకాలపు వెండి తూకంలో సగం) జ్ఞాపకంగా ఒక కానుక ఇస్తారు. యూదుల ఆరాధనలో కానుకలు రెండు రకాలు. అందరూ ఒకే మొత్తం ఇవ్వవలసినది ఒకటి, ఎవరి మనసుకు తోచినంత వారు ఇచ్చుకునేది మరొకటి. సమాజ మందిరంలో సేకరణ బాధ్యత తీసుకున్నవారు ముందుగా ఈ రెండూ కలిసిపోకుండా చూసుకోవాలి. నిర్గమకాండము 25వ అధ్యాయంలో ప్రత్యక్ష గుడారం (అరణ్యంలో ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారం) కోసం మనఃపూర్వకంగా ఇచ్చేవారి దగ్గరే కానుక తీసుకోమన్న ఆజ్ఞ ఉంది. 36వ అధ్యాయానికి వచ్చేసరికి జనం అవసరానికి మించి తెస్తున్నారని పనివారే మోషేకు చెప్పవలసి వచ్చింది. 30వ అధ్యాయంలోని అర షెకెలు, అంటే తెలుగు బైబిలు చెప్పే అర తులము, సంగతి వేరు. అక్కడ బీదవాడు తక్కువ ఇవ్వకూడదు, ధనవంతుడు ఎక్కువ ఇవ్వకూడదు. తక్కువ ఇవ్వకూడదనే నియమం ఏ పన్నుకైనా ఉండేదే. ఎక్కువ ఇవ్వకూడదనడంలోనే దీని విశేషమంతా ఉంది.

ఆ నియమం ఎందుకో తెలిస్తే సేకరణ ఎలా జరపాలో సగం తెలిసినట్లే. యెరూషలేము దేవాలయంలో ప్రతిరోజూ ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి చొప్పున గొర్రెపిల్లలను అర్పించేవారు, వాటిని కొనడానికి వాడేది ఈ సొమ్మే. ఒక వ్యక్తి తన డబ్బుతో ఆ నిత్యబలిని సమర్పించవచ్చని ఆనాటి యూదు వర్గాల్లో ఒకటైన సద్దూకయ్యులు వాదించగా, అది అందరి సొమ్ముతోనే జరగాలని మరో వర్గమైన పరిసయ్యులు పట్టుబట్టారని యూదుల ధర్మచర్చల గ్రంథం తాల్ముద్ చెబుతుంది. యాజకులకు ఈ కానుకనుంచి మినహాయింపు ఉందా అన్న చర్చ వచ్చినప్పుడు, ఇవ్వని యాజకుడు పాపం చేసినట్లేనని మొదటి శతాబ్దపు యూదు గురువు రబ్బాన్ యోహనాన్ బెన్ జక్కాయి తేల్చి చెప్పాడు. దేవాలయంలోని నాణేల గదిలో పోగైన సొమ్మును బుట్టలతో పైకి తీసేటప్పుడు, ఇచ్చినవారి పేరనే కాక, దారిలో సొమ్ము పోయినవారి పేరనా, ఇంకా వసూలు కావలసినవారి పేరనా కూడా తీసేవారు. ఆలస్యమైనవాడికీ ఆ రోజు బలిలో సమానంగా పాలు ఉండేదన్నమాట.

సా.శ. 70లో దేవాలయం కూలిపోయాక మిగిలింది దాని జ్ఞాపకార్థం ఇచ్చే కానుక. పూరీము వచ్చే అదారు నెల మొదటి రోజు విశ్రాంతి దినం (శనివారం) అయితే ఆ రోజునో, కాకపోతే దానికి ముందు వచ్చే విశ్రాంతి దినానో నిర్గమకాండములోని ఆ అర షెకెలు భాగాన్ని మందిరంలో చదువుతారు కాబట్టి, సేకరణ గురించి సభకు చెప్పడానికి అదే తగిన సమయం. అధిక మాసం వచ్చిన ఏడాది రెండవ అదారును లెక్కలోకి తీసుకోవాలి. డబ్బు ఇచ్చేది మాత్రం పూరీముకు ముందు పాటించే ఎస్తేరు ఉపవాసం నాటి మధ్యాహ్న ప్రార్థన వేళ, లేదా పూరీము రాత్రి ఎస్తేరు గ్రంథం చదవడానికి ముందు. పూరీము శనివారం రాత్రి మొదలయ్యే సంవత్సరాల్లో విశ్రాంతి దినం ముగిసేదాకా ఎవరూ డబ్బు ముట్టుకోరు. పెట్టెను కూడా అప్పుడే బయటికి తీయాలి.

మొత్తం విషయంలో ఎక్కువమంది పాటించే ఆచారం, ఆ దేశపు నాణెంలో సగం విలువ గలవి మూడు ఇవ్వడం. మన దేశంలో అయితే మూడు 50 పైసల నాణేలు. దుకాణదారు మొహం చిట్లించినా, చట్టప్రకారం అవి నేటికీ చెల్లుతాయి. అర షెకెలు వెండికి ధర కట్టి ఇచ్చే సమాజాలూ ఉన్నాయి. ఏ పద్ధతి ఎంచుకున్నా, సభలోని అతి పేద కుటుంబం ఇబ్బంది పడకుండా ఇవ్వగలిగిన మొత్తాన్ని నిర్ణయించి, దానినే అందరికీ వర్తింపజేయాలి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలోని బెనె ఎఫ్రాయిము అనే తెలుగు యూదుల వంటి చిన్న సమాజాలకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే చిన్నచోట ఎవరు ఎంత ఇచ్చారో దాచినా దాగదు.

చాలా మందిరాల్లో ఒక పళ్ళెంలో మూడు అర నాణేలు ముందే పెట్టి ఉంచుతారు. వచ్చినవారు తమ డబ్బును పక్కనున్న పెట్టెలో వేసి, ఆ మూడు నాణేలను చేతిలోకి తీసుకుని తమవి చేసుకుని, తిరిగి కానుకగా పళ్ళెంలో ఉంచుతారు. తరువాతివారు ఎత్తేదీ వాటినే. లక్షాధికారీ కూలిపని చేసుకునేవాడూ ఒకే మూడు నాణేలు ఇచ్చి వెళ్ళే ఈ ఏర్పాటుకంటే మెరుగైనది నాకు కనిపించలేదు. ఇచ్చేటప్పుడు "ఇది అర షెకెలు" అనకుండా "అర షెకెలు జ్ఞాపకార్థం" అనాలి. లేకపోతే ఆ సొమ్ము దేవాలయానికే ప్రతిష్ఠించినట్లయి, పేదలకు పంచడానికి పనికిరాకుండా పోతుందన్న భయం ఉంది. పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ చెప్పిన అసలు అర షెకెలు నియమంలో వాయిదాలకు చోటులేదు: ఈ రోజు కొంచెం, రేపు కొంచెం కాక ఒకేసారి ఇవ్వాలి.

ఎవరు ఇవ్వాలన్న దగ్గర సమానత్వానికి హద్దులు కనిపిస్తాయి, దాన్ని దాచనక్కరలేదు. ఇరవై ఏళ్ళు నిండిన పురుషులని కొందరు, పదమూడు నిండినవారని కొందరు అంటారు. స్త్రీలపైనా పిల్లలపైనా మిష్నా (తాల్ముద్‌కు మూలమైన నియమాల సంకలనం) ఈ బాధ్యత పెట్టలేదు, కాని వారు ఇస్తే తీసుకోవాలని అదే మిష్నా చెబుతుంది. కనుక పళ్ళెం దగ్గరికి వచ్చిన ఎవరినీ వెనక్కి పంపకండి.

పెట్టె దగ్గర ఇద్దరు ఉండాలి. ధర్మనిధిని ఇద్దరు వసూలు చేయాలి, ముగ్గురు పంచాలి అన్నది తాల్ముద్ నియమం. దేవాలయంలో నాణేల గదిలోకి వెళ్ళేవాడు మడత కుట్టిన అంచుగల బట్ట కట్టకూడదు, చెప్పులు వేసుకోకూడదు, తాయెత్తు కట్టుకోకూడదు; రేపు అతను ధనవంతుడైతే ఆ గది సొమ్ముతోనే అయ్యాడని జనం అనుకోకూడదు గదా. ఈ కాలంలో ఆ జాగ్రత్త అంటే, పెట్టెను ఇద్దరూ కలిసి తెరవడం, లెక్క రాసి ఇద్దరూ సంతకం చేయడం.

ఈ కానుక ఇచ్చినంత మాత్రాన పూరీము నాటి పేదల కానుక తీరిపోదు. పండుగ పగటివేళ కనీసం ఇద్దరు పేదలకు, ఒక్కొక్కరికి ఒక పూట భోజనానికి సరిపడేలా ఇవ్వాలి. దానం పుచ్చుకుని బతికేవాడు కూడా ఇవ్వాలి. దశమభాగంగా పక్కన పెట్టిన సొమ్ములోంచి కాక, విడిగా ఇవ్వాలి. ఆ రోజు చేయి చాచినవారి అర్హతను ఆరా తీయకూడదు. విందు పెంచుకోవడంకన్నా ఈ దానం పెంచడమే మేలని మైమోనిడీస్ స్పష్టంగా రాశాడు. ఇక్కడ ఎక్కువ ఇవ్వడానికి అడ్డు లేదు.

ఇష్టపూర్వక కానుకల విషయంలో సేకరించేవారు గుర్తుంచుకోవలసింది ప్రథమ ఫలాల ఉదంతం. ఫలాలు తెచ్చినవాడు హెబ్రీలో ఒక పాఠం చదవాలి. చదవగలిగినవాడు తానే చదివేవాడు, రానివాడికి ఒకరు చెప్పి పలికించేవారు. చదువురానివారు సిగ్గుపడి రావడమే మానేశారు. అప్పుడు పెద్దలు అందరికీ, చదువు వచ్చినవారికి కూడా, చెప్పి పలికించే ఏర్పాటు చేశారు. అందుచేత సభలో మొత్తాలు చదివి వినిపించే అలవాటు ఉంటే మానుకోండి, చదవక తప్పదంటే మొత్తం వదిలేసి పేర్లు మాత్రమే చదవండి. ఎద్దును తెచ్చినవాడి దహనబలినీ, పక్షిని తెచ్చినవాడి బలినీ, పిడికెడు పిండి నైవేద్యాన్నీ లేవీయకాండము ఒకే మాటతో "ఇంపైన సువాసన" అంటుందని మిష్నా గుర్తుచేస్తుంది. ధన్యవాదాల ఉత్తరాలు పంపే సమాజాలు అందరికీ ఒకే పాఠం, ఒకే కాగితం వాడవచ్చు.