రబీకి ముందు ఊరి నీటి లెక్క: ఆధారాలు సేకరించడం ఎలా

రబీలో ఏ పంట ఎంత వేయాలో రైతులు కలిసి తేల్చుకోవాలంటే ముందు భూగర్భజలం లెక్క చేతిలో ఉండాలి. సెప్టెంబరు చివరికి కొలతలు సిద్ధం చేసుకుని, రైతులు విత్తనాలు కొనకముందే సభ పెట్టండి. విత్తాక చెప్పే లెక్క ఎవరికీ అక్కరకు రాదు.

వర్షమాపకాన్ని ఆరుబయట, చెట్టుకూ గోడకూ వాటి ఎత్తుకు రెట్టింపు దూరంలో పెట్టి, రోజూ ఉదయం 8:30కి చూసి రాయండి. ఒక మిల్లీమీటరు వాన అంటే ఎకరానికి సుమారు 4,000 లీటర్లు. గ్రానైట్ నేలల్లో అందులో భూగర్భానికి చేరేది పదో వంతుకు అటూ ఇటూ.

ఎక్కువ తప్పులు దొర్లేది బోర్ల దగ్గరే. ఊరి ఎగువన, దిగువన, చెరువు కింద, మెట్టలో కొన్ని బోర్లు ఎంచుకుని, పదిహేను రోజులకోసారి అవే బోర్లలో నీటిమట్టం కొలవండి. మోటారు రాత్రంతా ఆపి తెల్లవారి కొలవాలి. నడిచిన వెంటనే కొలిస్తే మట్టం ఉన్నదానికంటే లోతుగా కనిపిస్తుంది. పక్క బోరు నడుస్తున్నా అంతే. కేసింగ్ (బోరులో దింపిన బయటి గొట్టం) పైఅంచుకు రంగు గుర్తు పెట్టి, ఎప్పుడూ అక్కణ్ణించే కొలవండి.

బోరు ఎంత పోస్తోందో తెలియడానికి 200 లీటర్ల డ్రమ్ము చాలు: 50 సెకన్లలో నిండితే సెకనుకు 4 లీటర్లు. మోటారు వేసిన అరగంట తర్వాతే పట్టండి, మొదట్లో ధార జోరుగా ఉంటుంది.

సాగు విస్తీర్ణానికి పట్టాదారుల జాబితా ఒక్కటే నమ్మితే కౌలు రైతులు జారిపోతారు. ఇంటింటికీ వెళ్లి అడగండి. తాగునీటి వాటా ముందే తీసి పక్కన పెట్టి, మిగిలింది గ్రామసభలో గోడ మీద రాయండి. ఎకరం వరికి పట్టే నీటితో రెండెకరాల వేరుశనగ పండుతుందన్న లెక్కా దాని పక్కనే ఉండాలి.