కారుతో పంటు ఎక్కి కోనసీమ లంకలు దాటడం ఎలా?

ర్యాంపు మధ్యలో ఇంజను ఆగిపోయిన కారు, వెనక హారన్లు కొట్టే బైకులు, లోపల "నరసింహా నరసింహా" అనుకునే అమ్మమ్మ, చుట్టూ నాలుగు రకాలుగా చేతులూపే నలుగురు. సంక్రాంతి వచ్చిందంటే నరసాపురం రేవులో పంటు (బళ్లనీ మనుషుల్నీ గోదావరి దాటించే వెడల్పాటి పడవ) దగ్గర ఏటా ఇదే భాగోతం. కారు కొత్తదే, నడిపేవాడూ హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఆరితేరినవాడే, అయినా ఇలా అవుతోందంటే ఎవరూ సరిగ్గా చెప్పకపోవడం వల్లే. అందుకే ఇది.

ముందు దారి సంగతి. ధవళేశ్వరం దిగాక గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది, మధ్యలో ఉన్నదే కోనసీమ. వసిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోయి రాజోలు వైపును ఇంకో దీవిగా కోసేసింది. పడమటి నుంచి తూర్పుకి అడ్డంగా వెళ్లాలంటే మూడు పాయలూ దాటాలి. వసిష్ఠను నరసాపురం–సఖినేటిపల్లి రేవులో పంటు మీద, వైనతేయను పి.గన్నవరం అక్విడక్టు (నది మీదుగా కాలువని దాటించే కట్టడం) మీద, గౌతమిని ముక్తేశ్వరం–కోటిపల్లి రేవులో మళ్లీ పంటు మీద. పాలకొల్లు క్షీరారామంలో దండం పెట్టుకుని బయల్దేరితే ద్రాక్షారామంలో తేలతారు. రెండు పంచారామాలు, మధ్యలో అంతర్వేది. పెద్దవాళ్లను ఒప్పించడానికి ఈ మాట చాలు.

ఎప్పుడు వెళ్లాలి

డిసెంబరు నుంచి మార్చి దాకా. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఈ దారి మర్చిపోండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. వరద ఉరవడి పెరిగితే పంట్లు కట్టేస్తారు. పులస చేప తినాలని ఆ నెలల్లోనే దిగేవాళ్లు చాలామంది. పులస ఎదురీదేది ఆ వరద నీళ్లలోనే, పంటు ఆగేదీ ఆ వరదకే. పులస కావాలంటే వంతెన మీదుగా రండి, రెండూ కావాలంటే కుదరదు.

కార్తీక సోమవారాలు, శివరాత్రి, మాఘంలో అంతర్వేది కల్యాణం రోజులు కూడా వద్దు. భీష్మ ఏకాదశికి అక్కడ రథోత్సవం. ఆ జనంలో కారు తీసుకెళ్లడం భక్తి అనిపించుకోదు.

సామాను

టార్చి, టైరు కింద పెట్టడానికి రెండు చెక్క దిమ్మలు, చిల్లర నోట్లు, మంచినీళ్లు. రేవు వేలం పాట ఏటా మారుతుంది కాబట్టి కారుకి ఎంతో అక్కడే అడిగి ఇవ్వండి, పాత రేటు చెప్పి వాదించకండి. ట్యాంకు నరసాపురంలోనే నింపుకోండి. డిక్కీలో బరువు తగ్గించండి. ఎందుకో కిందకొస్తే తెలుస్తుంది.

రేవులో

రేవుకి రాగానే కారు తిన్నగా నీళ్ల దాకా పోనివ్వకండి. గట్టు మీదే ఆపి, దిగి, నడిచి కిందకెళ్లి చూడండి. చూడాల్సినవి మూడు. వాలు ఎంత ఉంది, తడి ఎక్కడిదాకా ఉంది, పంటుకి దిగేదారి ఎటు. ఎక్కిన వైపు నుంచే దిగాలంటే అవతలి ఒడ్డున రివర్సులో దిగాలి. ఇది పంటు మీదకెక్కాక తెలిస్తే లాభం లేదు, ముందే సరంగుని (పంటు నడిపే మనిషిని) అడగండి. "అన్నయ్యా, అవతల ఎలా దిగాలి?" అంటే చెప్తారు. గోదావరి జిల్లాలో అడిగినవాడికి చెప్పనివాళ్లు ఉండరు, అడక్కపోయినా చెప్పేవాళ్లే ఎక్కువ.

ఇంకో సంగతి పోటూ ఆటూ. నరసాపురం రేవు సముద్రానికి దగ్గర. రోజుకి రెండుసార్లు నీళ్లు పెరుగుతాయి, రెండుసార్లు తగ్గుతాయి. అమావాస్యకీ పున్నానికీ ఆ తేడా మరీ ఎక్కువ. పోటు మీదున్నప్పుడు పంటు రేవుకి సమంగా ఉంటుంది, కారు సుళువుగా ఎక్కుతుంది. ఆటు వచ్చాక పంటు కిందకి దిగిపోతుంది, వాలు నిటారవుతుంది, నీళ్లు వదిలిన చోట ఒండ్రు జారుతుంది. పొద్దున ఎనిమిదింటికి బాగుందని మర్నాడూ ఎనిమిదింటికే వస్తే కుదరదు, పోటు రోజుకి దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. చిన్న కారు, తక్కువ ఎత్తు కారు అయితే పోటు కోసం ఆగండి. గంట పోతే పోయింది, బంపరు మిగులుతుంది.

ర్యాంపు ఎక్కించడం

అసలు కథంతా ఇక్కడే ఉంది. తొందరలో ఉన్నవాళ్లు మిగతాది వదిలేసినా ఇది మాత్రం రెండుసార్లు చదవండి.

నడిపేవాళ్లు తప్ప కార్లో ఒక్కరు కూడా ఉండకూడదు. అమ్మమ్మకి మోకాళ్ల నొప్పులనీ, పిల్లాడు నిద్రపోతున్నాడనీ మినహాయింపులు లేవు. గట్టు మీద అందరినీ దించేయండి, కారు పంటు మీద నిలిచాక వాళ్లు నడిచి ఎక్కుతారు. బరువు తగ్గితే కారు తేలిగ్గా ఎక్కుతుందన్నది ఒక కారణం. రెండోది, పక్కన ఎవరూ ఉండరు కాబట్టి "ఆగు ఆగు", "పోనీ పోనీ" అని అరిచేవాళ్లు ఉండరు.

ఇక మీరు. సీటు బెల్టు తీసేయండి. అద్దాలు నాలుగూ కిందకి దించండి. తలుపుల సెంట్రల్ లాక్ తీసి ఉంచండి, కదలగానే దానంతట అదే పడే రకమైతే ఆ సెట్టింగు ముందే మార్చుకోండి. రోడ్డు మీద బెల్టు ప్రాణం కాపాడుతుంది, నీళ్ల మీద మాత్రం బయటికి రావడానికి అడ్డం. ఏసీ, పాటలు కట్టేయండి, బయటి మాట వినపడాలి.

పంటు తాళ్లు కట్టేదాకా కదలకండి. బైకులు ముందుకి దూరిపోతాయి, పోనివ్వండి. అవి సర్దుకున్నాక పంటు మీది మనుషుల్లో ఒకరు మీ ఎదురుగా నిలబడి చెయ్యి చూపిస్తారు. ఆ ఒక్కరి చేతినే చూడండి. గట్టు మీద టీ తాగుతున్న పెద్దమనిషి, టికెట్టు కుర్రాడు, మీ బావగారు, అందరూ ఉచిత సలహాలిస్తారు. ఎవరినీ చూడకండి.

ర్యాంపుకి తిన్నగా రండి. కాస్త ఏటవాలుగా వచ్చినా ముందు ఒక చక్రమే ఎక్కుతుంది, ఇనప రేకు ఒక పక్కకి ఒరుగుతుంది, రెండో చక్రం తడి మీద గిర్రున తిరుగుతుంది. తిన్నగా లేకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ రండి, నామోషీ ఏం లేదు. మొదటి గేరు, కొంచెం యాక్సిలరేటరు, సగం క్లచ్చి, ఒకే వేగం. ర్యాంపు మీద గేరు మార్చకూడదు, ఆగకూడదు, ఒక్కసారిగా తొక్కకూడదు. తొక్కితే చక్రాలు జారతాయి. జారాయని ఇంకా తొక్కితే కారు ఎగిరి పంటు చివరిదాకా పోతుంది.

ముందు చక్రాలు పంటు మీద పడ్డ క్షణంలో కింద నేల మునిగినట్టు ఉంటుంది. నిజంగానే పంటు బెత్తెడు దిగుతుంది, కొంచెం కదులుతుంది కూడా. ఆ క్షణంలో భయపడి బ్రేకు మీద కాలేస్తేనే కారు సగం లోపల సగం బయట ఆగి, వెనక చక్రాలు ర్యాంపు మొదట్లో ఉండిపోతాయి. అక్కణ్ణుంచి మళ్లీ ఎత్తడం కష్టం. పంటు దిగుతుందని ముందే అనుకుని ఉండండి, కాలు కదపకండి, వెనక చక్రాలు కూడా ఎక్కేదాకా అదే వేగంతో పోనివ్వండి. అప్పుడు ఎదురుగా ఉన్న మనిషి అరచెయ్యి చూపిస్తారు, అప్పుడు ఆపండి.

వెనక బంపరు తగిలేది కూడా ఇక్కడే. డిక్కీ నిండా బియ్యం మూటలూ కొబ్బరికాయలూ ఉంటే వెనక భాగం కుంగి, ముందు పైకి లేచినప్పుడు కింద గీరుకుంటుంది. మూటలు చేత్తో మోయించండి.

ఆటోమేటిక్ కారు ఉన్నవాళ్లు బ్రేకు వదిలితే అదే ఎక్కుతుందనుకుంటారు. సమతలం మీద కదిలే ఆ వేగం వాలుకి చాలదు, మధ్యలో ఆగి వెనక్కి జారొచ్చు. తక్కువ గేరులో పెట్టే వీలుంటే పెట్టి, యాక్సిలరేటరు మీద నిలకడగా కాలుంచండి. నన్నడిగితే పంటుకి మాన్యువలే.

ఆగాక హ్యాండ్‌బ్రేకు, గేరు, ఇంజను ఆపడం, చక్రాలకి చెక్క దిమ్మలు. ఈ నాలుగూ కావాలి, ఏ ఒక్కటీ చాలదు. ఆ తర్వాత మీరు కూడా దిగండి. పంటు కదిలాక ఏసీ వేసుకుని కార్లో కూర్చునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పిల్లల చెయ్యి వదలకండి, అంచు దగ్గర సెల్ఫీలు వద్దు, లైఫ్ జాకెట్లు ఉంటే పిల్లలకి ముందు వేయండి.

దిగడం ఎక్కడంకంటే తేలిక, తిన్నగా దిగేదైతే. రివర్సయితే వెనక బైకులన్నీ వెళ్లిపోయేదాకా ఆగి, ఒక్కరిని వెనక నిలబెట్టి, స్టీరింగు తిప్పకుండా దిగండి.

"వసిష్ఠ మీద చించినాడ వంతెన ఉండగా ఇదంతా ఎందుకండీ?" అని ప్రతివాళ్లూ అంటారు. వంతెన మీదైతే పిల్లలు ఫోను చూస్తూనే గోదావరి దాటేస్తారు. పంటు మీద కిందకి దిగాలి, గాలికి నిలబడాలి, అవతలి ఒడ్డు కొబ్బరిచెట్లు దగ్గరవడం చూడాలి. ఫోను మ్యాపు తొందరపెట్టి వంతెన వైపు తిప్పుతుంది. దానికి గోదావరి ఒక అడ్డంకి మాత్రమే.

మధ్యలో

సఖినేటిపల్లి నుంచి అంతర్వేది దగ్గరే. గుడి చూసి, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర వసిష్ఠ సముద్రంలో కలిసేది చూడండి. కారు ఇసకలోకి దింపకండి, ట్రాక్టరు తెచ్చుకోవాల్సి వస్తుంది.

తిరిగొచ్చి మలికిపురం, రాజోలు, తాటిపాక మీదుగా పి.గన్నవరం. పాశర్లపూడి–బోడసకుర్రు వంతెన మీదుగా అమలాపురం పోవచ్చు కూడా. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి పేలి 65 రోజులు మండిన సంగతి పిల్లలకి చెప్పాలనుంటే అటు వెళ్లండి. నా లెక్కలో మాత్రం గన్నవరమే. కింద నది, దాని మీద కాలువ పారడం పిల్లలు ఇంకెక్కడ చూస్తారు? కాటన్ కాలపు పాతదాని పక్కనే కట్టిన కొత్త అక్విడక్టుకి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. వచ్చినవాళ్లందరికీ వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన ఆ తల్లిది ఈ పక్కనే ఉన్న లంకల గన్నవరం.

అంబాజీపేటలో కొబ్బరి నీళ్లు తాగి, అయినవిల్లి వినాయకుణ్ణి చూసుకుని ముక్తేశ్వరం రేవుకి చేరండి. చీకటి పడకముందే. చీకట్లో కారుతో పంటు ఎక్కకూడదు, అంతే.

ఇక్కడ ఎక్కించే పద్ధతి అదే, తేడా ఇసక. ఎండాకాలం గౌతమి సన్నబడి తిప్పలు బయటపడతాయి. రేవు దాకా ఇసక మీద కారు నడపాల్సి వస్తే ముందు వెళ్లిన బండి చక్రాల గాడిలోనే పోనివ్వండి, మధ్యలో ఆగకండి. కూరుకుంటే తొక్కకండి, అందరూ దిగి తోయండి.

కోటిపల్లిలో దిగాక ముందు సోమేశ్వరస్వామి గుడి, తర్వాత ద్రాక్షారామం. మధ్యాహ్నం గుడి తలుపులు మూసేస్తారు, కాబట్టి ఆ వేళకి చేరితే భోజనాలు ముందు కానిచ్చుకోండి.