ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో లోపం ఎక్కడుందో గుర్తించడం

గేర్‌బాక్స్ విప్పించే ముందు అందులోని ఫ్లూయిడ్‌ను (నూనెను) చూడాలి. మట్టం కొలిచే పద్ధతి కారును బట్టి మారుతుంది, కొన్నింటికి డిప్‌స్టిక్ కూడా ఉండదు కాబట్టి, కారుతో వచ్చిన పుస్తకంలో చెప్పినట్టే కొలవాలి. సాధారణంగా ఎర్రగా ఉండే ఫ్లూయిడ్ నల్లబడి మాడు వాసన వేస్తుంటే గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయని అనుమానించాలి.

తర్వాత బండి నడిపి చూడాలి. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఇంజిన్ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) పెరిగినా వేగం అందుకోకపోతే క్లచ్ జారుతూ ఉండవచ్చు. ఈ జారుడు అన్ని గేర్లలోనూ ఉంటే ఫ్లూయిడ్ తగ్గడమో, పంపు పీడనం చాలకపోవడమో కారణం కావచ్చు. ఒక్క గేర్‌లోనే ఉంటే ఆ గేర్‌కు సంబంధించిన క్లచ్‌నో, ఫ్లూయిడ్ ప్రవాహాన్ని నియంత్రించే విద్యుత్ వాల్వ్ అయిన సోలినాయిడ్‌నో పరీక్షించాలి. ఈ తేడా గమనించకుండా విడిభాగాలు మార్చడం, నా అభిప్రాయంలో, డబ్బు వృథా చేయడమే.

కారులోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్‌లో పి0700 అనే కోడ్ కనిపిస్తే, ట్రాన్స్‌మిషన్ కంట్రోలర్‌లో (గేర్‌బాక్స్‌ను నియంత్రించే కంప్యూటర్‌లో) అసలు లోపాన్ని తెలిపే మరో కోడ్ ఉందని అర్థం, దాన్ని చదవాలి.