మడత అద్దం మొరాయిస్తే

హాల్లో శిల్పంలా నిలబడుతుందని ముచ్చటపడి మూడు పలకల మడత అద్దం తెచ్చుకుంటాం. తీరా తెచ్చాక చాలామంది దాన్ని బీరువా అద్దంలా తిన్నగా పరిచేస్తారు. సగం చిక్కులు అక్కడే మొదలు.

ముట్టుకుంటే ఊగుతోంది

ఆరడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న గాజు పలక ఒక్కటే దాదాపు 10 కిలోలు తూగుతుంది. తిన్నగా తెరిస్తే ఆ బరువుకు కింద ఆసరా ఉండదు. పలకలను వంకరటింకరగా, ఒక్కో మడత 90 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండేలా నిలపండి. అయినా ఊగితే నేల చూడండి. బాల్కనీ వైపు వాటం ఉంటే పొట్టి కాలి కింద ఫెల్ట్ ముక్క పెట్టండి. పిల్లలున్న ఇంట్లో గోడకు క్లాంప్ తప్పదు.

పైట అటు మారింది!

మడత సరిగ్గా 90 డిగ్రీలుంటే మూడు ప్రతిబింబాలు వస్తాయి. నట్టనడుమ అతుకు మీద కనిపించేది మనల్ని ఎదుటివాళ్లు చూసే రూపం, అందుకే పైట, పాపిట అటువి ఇటు కనిపిస్తాయి. అద్దంలో లోపమేం లేదు. నాకైతే ఈ అద్దంలో అసలు సొగసు అదే. తికమకగా ఉంటే మడత కాస్త విప్పండి.

మొహం సాగినట్టుంది

కిటికీ గ్రిల్ ప్రతిబింబం చూడండి. చువ్వలు వంగి కనిపిస్తే వెనక ప్లైవుడ్ వానలకు ఉబ్బి ఉండొచ్చు, లేదా స్క్రూలు మరీ బిగించి ఉంటారు. ముందు స్క్రూలు వదులు చేయండి. ప్లైవుడ్డే వంగితే మార్చాల్సిందే.

అంచుల్లో నల్ల మచ్చలు

చెన్నైలో బెసెంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి సముద్రపు గాలి తగిలే చోట్ల అసలు బెడద ఇదే. గాజు వెనక ఉండేది పల్చటి వెండి పూత, దాని మీద పెయింటు. కోసిన అంచు దగ్గర పెయింటు రక్షణ ఉండదు కాబట్టి ఉప్పుతేమ అక్కడినుంచే పాకి రసం పోతుంది. నేరుగా అద్దం మీద స్ప్రే చేస్తే ఆ నీళ్లూ కింది అంచులోకి దిగుతాయి. గుడ్డ మీద కొట్టుకుని తుడవండి. ఇంకో దొంగ ఉన్నాడు: అద్దాన్ని అతికించిన సిలికాన్ జిగురు. పూసేటప్పుడు వెనిగర్ వాసన కొట్టిందంటే అది ఆమ్లం వదిలే రకం, పూతను తినేస్తుంది. న్యూట్రల్ సిలికానే అడగండి.

వచ్చిన మచ్చ మాత్రం తుడిస్తే పోదు, చిట్కాలతో కాలం వృథా. ఆ ఒక్క పలక కొలతలు తీసుకుని షావుకారుపేట దేవరాజ ముదలి వీధిలోని అద్దాల దుకాణాలకు వెళ్లండి. కొత్త గాజు కోయించేటప్పుడే అంచులు పాలిష్ చేసి సీల్ వేయమనండి.