రేడియోకెమిస్ట్రీ సొంతంగా నేర్చుకుందాం, 5వ పాఠం: మాలిబ్డినం జెనరేటరు, ట్రాన్సియెంట్ ఈక్విలిబ్రియం

పోయిన పాఠం చివర్లో ఒక లెక్క ఇచ్చాను కదా, 1 గిగాబెకెరెల్ టెక్నీషియం-99ఎం (ఎం అంటే మెటాస్టేబుల్, మామూలు టెక్నీషియం-99 కంటే ఎక్కువ ఎనర్జీలో ఉన్న న్యూక్లియస్) ఎంత బరువు ఉంటుందో చూడమని, ముందు దాని జవాబు చూసేద్దాం. హాఫ్ లైఫ్ 6 గంటలు కాబట్టి డికే కాన్‌స్టంట్ సెకనుకి 3.2 × 10⁻⁵, యాక్టివిటీని (సెకనుకి జరిగే డికేల సంఖ్యని) దాంతో భాగిస్తే 3.1 × 10¹³ ఆటమ్స్, అంటే సుమారు 5 నానోగ్రాములు. బోన్ స్కాన్‌కి పేషెంటుకి ఇచ్చేది 740 మెగాబెకెరెల్ దాకా ఉంటుంది, అంటే 4 నానోగ్రాములు కూడా లేదు. ఈ అంకె బుర్రలో పెట్టుకోండి, ఎందుకంటే ఇంత తక్కువ పదార్థాన్ని ప్రెసిపిటేట్ చేసి కంటితో చూడటం, త్రాసులో తూచడం కుదరదు, అది ఎక్కడుందో చెప్పేది దాని రేడియేషనే.

ఇప్పుడు విషయానికి వద్దాం. 6 గంటల హాఫ్ లైఫ్ ఉన్నదాన్ని రియాక్టర్ దగ్గర తయారుచేసి లారీలోనో విమానంలోనో పంపిస్తే ఒక రోజు ప్రయాణానికే పదహారో వంతు మిగులుతుంది. అందుకే దాన్ని పంపించరు, దాని పేరెంట్ మాలిబ్డినం-99ని పంపిస్తారు, దాని హాఫ్ లైఫ్ 66 గంటలు. ఆ మాలిబ్డినం అల్యూమినా కాలమ్ మీద కూర్చుని డికే అవుతూ ఉంటుంది, అందులోంచి పుట్టిన టెక్నీషియంని ఆసుపత్రి వాళ్ళు పొద్దున్నే సెలైన్‌తో కడిగి తీసుకుంటారు. ఈ ఏర్పాటునే జెనరేటరు అంటారు. రోజూ పొద్దున పాలు పితికినట్టు ఉంటుంది కాబట్టి ఈ ఫీల్డులో దీన్ని మాలీ కౌ అని కూడా అంటారు. 1950ల చివర్లో అమెరికాలోని బ్రూక్‌హేవన్ ల్యాబ్‌లో వాల్టర్ టక్కర్, మార్గరెట్ గ్రీన్ దీన్ని తయారుచేశారు. వాళ్ళు అప్పుడు పనిచేస్తున్నది టెల్యూరియం-132, అయోడిన్-132 జెనరేటర్ మీద, అందులో ఒక ఇంప్యూరిటీ కనిపిస్తే వదిలేయకుండా అదేంటో పట్టుకున్నారు, అది టెక్నీషియం-99ఎం. వైద్యానికి ఇది పనికొస్తుందని గట్టిగా చెప్పింది అక్కడే పనిచేసిన పొవెల్ రిచర్డ్స్, 1960లో. ఇంప్యూరిటీని అంత శ్రద్ధగా చూసినవాళ్ళంటే నాకు చాలా గౌరవం.

ఇక లెక్క. ఇక్కడ ఫార్ములా బట్టీ పట్టొద్దు, వచ్చేదెంత పోయేదెంత అని రాసుకోండి చాలు. టెక్నీషియం ఆటమ్స్ మారే రేటు = మాలిబ్డినం డికే వల్ల వచ్చేది మైనస్ టెక్నీషియం తన డికేతో పోయేది. వచ్చేదాంట్లో ఒక మెలిక ఉంది, మాలిబ్డినం-99 డికేల్లో సుమారు 87.5 శాతమే 99ఎం లెవెల్‌కి వెళ్తాయి, మిగిలినవి దాన్ని తాకకుండా కిందున్న టెక్నీషియం-99కి దిగిపోతాయి. అందుకని వచ్చేదాన్ని 0.875తో గుణించాలి. ఈ ఈక్వేషన్‌ని ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్‌తో సాల్వ్ చేస్తే (రెండో పాఠంలో చేశాం, అక్కడ చూసుకోండి) యాక్టివిటీల్లో ఇలా వస్తుంది:

టెక్నీషియం యాక్టివిటీ = 0.875 × 1.1 × మొదట్లో ఉన్న మాలిబ్డినం యాక్టివిటీ × (మాలిబ్డినంలో మిగిలిన వంతు − టెక్నీషియంలో మిగిలే వంతు)

1.1 ఎక్కడిది అంటే 66 ÷ (66 − 6). మిగిలిన వంతు అంటే ½ ని గంటలు ÷ హాఫ్ లైఫ్ అనే పవర్‌కి ఎత్తడమే, క్యాలిక్యులేటర్ ఉంటే పది సెకన్ల పని.

ఒక ఉదాహరణ చేద్దాం. సోమవారం పొద్దున 9 గంటలకి కాలమ్ మీద 20 గిగాబెకెరెల్ మాలిబ్డినం ఉంది, అప్పుడే కడిగేశారు, టెక్నీషియం మొత్తం వచ్చేసింది అనుకుందాం (నిజంగా వచ్చేది ఎక్కువగా 80 నుంచి 90 శాతం పైనే, మనం ప్రస్తుతానికి నూరు అనుకుందాం). మంగళవారం 9కి, అంటే 24 గంటల తర్వాత మాలిబ్డినం మిగిలిన వంతు 0.777, టెక్నీషియంకి నాలుగు హాఫ్ లైఫ్‌లు కాబట్టి 1/16 అంటే 0.0625. తేడా 0.715, దాన్ని 0.9625తో, 20తో గుణిస్తే 13.8 గిగాబెకెరెల్. ఇదే లెక్క 6 గంటలకి చేస్తే 8.45, 12 గంటలకి 12.2. అంటే మధ్యాహ్నం 3 గంటలకే రేపటి పంటలో 61 శాతం చేతికొచ్చేస్తుంది, ఎమర్జెన్సీలో రెండోసారి కడగడం అందుకే కుదురుతుంది.

మాక్సిమం ఎప్పుడు? వచ్చేది, పోయేది సమానమైనప్పుడు. లెక్క వేస్తే 22.8 గంటలకి వస్తుంది. అక్కడ కర్వ్ ఎంత చదునుగా ఉంటుందంటే 22.8కి, 24కి మధ్య తేడా వెయ్యో వంతు కూడా లేదు, కాబట్టి రోజూ ఒకే టైముకి కడిగే ఆసుపత్రికి ప్రకృతి కలిసొచ్చింది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. చాలా నోట్స్‌లో ట్రాన్సియెంట్ ఈక్విలిబ్రియం (పేరెంట్ హాఫ్ లైఫ్ కొంత ఎక్కువైనప్పుడు, కొంతసేపటికి రెండు యాక్టివిటీల నిష్పత్తి స్థిరపడటం) బొమ్మలో డాటర్ (పేరెంట్ డికేతో పుట్టేది) కర్వ్ పైకి లేచి పేరెంట్ కర్వ్‌ని దాటి, దానికంటే కొంచెం పైన దానితో సమాంతరంగా కిందికి దిగుతున్నట్టు గీస్తారు, పక్కన 1.1 అని రాస్తారు, పైగా ఉదాహరణ మాత్రం మాలిబ్డినం-టెక్నీషియం జతే ఇస్తారు. ఆ బొమ్మ ఈ జతకి తప్పు. 1.1 ని 0.875తో గుణిస్తే 0.9625, అంటే ఎన్ని రోజులు ఆగినా టెక్నీషియం యాక్టివిటీ మాలిబ్డినం యాక్టివిటీని దాటనే దాటదు, కర్వ్‌లు అసలు కలవవు. మాక్సిమం దగ్గర కూడా రెండూ సమానం కావు, టెక్నీషియం సరిగ్గా 87.5 శాతం దగ్గర ఉంటుంది. పైన రాసిన వచ్చేది-పోయేది లైన్ ఒక్కటి చూస్తే ఇది లెక్క లేకుండానే తెలిసిపోతుంది, అందుకే బట్టీ వద్దని అన్నది. ఎంట్రన్సుల్లో బ్రాంచింగ్ (పైన వాడిన 0.875 లాంటి వంతు) ఇవ్వకపోతే 1.1 రాయండి, ఇచ్చాడంటే మాత్రం తప్పకుండా వాడండి.

ఇంకో మాట, ఈక్విలిబ్రియం అనగానే ఏదో ఆగిపోయింది అనుకోకండి. రెండూ తగ్గుతూనే ఉంటాయి, 66 గంటలకోసారి సగం అవుతూ, నిష్పత్తి ఒక్కటే మారదు.

యాక్టివిటీ లెక్క అయింది, ఇప్పుడు ఆటమ్స్ లెక్క, కెమిస్టులుగా మనకి ఇదే ముఖ్యం, ఎందుకంటే రియాక్షన్‌కి యాక్టివిటీ తెలీదు, ఆటమ్స్ మాత్రమే తెలుసు. 99ఎం డికే అయితే వచ్చేది టెక్నీషియం-99, దాని హాఫ్ లైఫ్ రెండు లక్షల ఏళ్ళు దాటి ఉంది, కాబట్టి అది కాలమ్‌లోనే పోగవుతుంది. కెమిస్ట్రీ అచ్చం అదే, కడిగితే రెండూ కలిసే వస్తాయి. 24 గంటలకి కడిగితే వచ్చిన టెక్నీషియం ఆటమ్స్‌లో 99ఎం 28 శాతమే. శుక్రవారం కడిగి శని, ఆదివారాలు వదిలేసి సోమవారం కడిగితే, అంటే 72 గంటలకి, అది 7.7 శాతానికి పడిపోతుంది. యాక్టివిటీ చూస్తే మన 20 గిగాబెకెరెల్ కాలమ్‌కి 9 వస్తుంది, బాగానే ఉంది కదా అనిపిస్తుంది, కానీ ఒక్కో 99ఎం ఆటమ్‌కి పక్కన దాదాపు 12 పనికిరాని టెక్నీషియం-99 ఆటమ్స్ ఉన్నాయి, 24 గంటలప్పుడు అవి రెండున్నరే. కిట్‌లో (టెక్నీషియంని కలిపి స్కాన్ మందు తయారుచేసే వయల్‌లో) ఉన్న స్టానస్ అయాన్, అంటే తగరం అయాన్, +7 స్టేట్‌లో ఉన్న టెక్నీషియంని రిడ్యూస్ చేయాలి కదా, అది ఈ ఆటమ్ ఆ ఆటమ్ అని చూడదు, స్టానస్ తక్కువ ఉన్న కిట్లలో అది దీనికే ఖర్చయి లేబులింగ్ (99ఎం మందుకి అతుక్కోవడం) చెడుతుంది. మెదడు స్కాన్‌కి వాడే హెచ్ఎంపీఏఓ కిట్‌కి 24 గంటల లోపు ఒకసారి కడిగిన జెనరేటరు నుంచి, అదీ తాజాగా తీసిన ఎల్యూయేట్ (కడిగినప్పుడు వచ్చిన ద్రావణం) మాత్రమే వాడాలని రాసేది ఇందుకే. సెలవు తర్వాత మొదటిసారి తీసినదాన్ని పక్కన పెట్టి, కొన్ని గంటల తర్వాత రెండోసారి తీసింది వాడుకోవడం మంచిది.

కాలమ్ కెమిస్ట్రీ క్లుప్తంగా చెప్తాను. యాసిడ్‌తో ట్రీట్ చేసిన అల్యూమినా ఉపరితలం మీద పాజిటివ్ చార్జ్ ఉంటుంది, రెండు నెగెటివ్ చార్జ్‌లున్న మాలిబ్డేట్ గట్టిగా పట్టుకుంటుంది, ఒక్క చార్జ్ ఉన్న పెర్‌టెక్నిటేట్ (టెక్నీషియం ఉండే అయాన్) వదులుగా ఉంటుంది, 0.9 శాతం సెలైన్‌లోని క్లోరైడ్ దాన్ని తోసేస్తుంది. ఇందులో చిక్కు కెపాసిటీ. గ్రాము అల్యూమినా పట్టుకునే మాలిబ్డినం సుమారు 20 మిల్లీగ్రాములకి మించదు. యురేనియం-235 ఫిషన్ నుంచి తీసిన మాలిబ్డినం-99 అయితే (ఫిషన్ యీల్డ్ 6 శాతం పైన) స్పెసిఫిక్ యాక్టివిటీ (గ్రాముకి ఉండే యాక్టివిటీ) చాలా ఎక్కువ, చిన్న కాలమ్ సరిపోతుంది. మాలిబ్డినం-98ని న్యూట్రాన్లతో కొట్టి చేసినదైతే దాదాపు మొత్తం మాలిబ్డినం మామూలుదే, పెద్ద కాలమ్ కావాలి, బోలెడు సెలైన్ పోయాలి, వచ్చేది నీళ్ళలా పలచగా ఉంటుంది. అందుకే మన దేశంలో ట్రాంబేలోని రియాక్టర్లలో చేసిన మాలిబ్డినంని బ్రిట్ (బోర్డ్ ఆఫ్ రేడియేషన్ అండ్ ఐసోటోప్ టెక్నాలజీ) వాళ్ళు సోడియం మాలిబ్డేట్ ద్రావణంగా ఆసుపత్రులకి పంపేవాళ్ళు, అక్కడ గట్టి సోడియం హైడ్రాక్సైడ్‌లోంచి మిథైల్ ఇథైల్ కీటోన్‌తో పెర్‌టెక్నిటేట్‌ని లాగి, కీటోన్‌ని ఆవిరి చేసి, మిగిలినదాన్ని సెలైన్‌లో తీసుకునేవాళ్ళు. సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్ పాఠంలో డిస్ట్రిబ్యూషన్ రేషియో నేర్చుకున్నాం కదా, దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

చివరిగా బ్రేక్‌త్రూ. కడిగినప్పుడు కొంచెం మాలిబ్డినం కూడా జారి వస్తుంది. అమెరికా రూల్ ప్రకారం పేషెంటుకి ఇచ్చే టైముకి ఒక మెగాబెకెరెల్ టెక్నీషియంకి 0.15 కిలోబెకెరెల్ మాలిబ్డినం మించకూడదు. టెస్ట్ తేలిక: వయల్‌ని మందపాటి సీసం డబ్బాలో పెట్టి డోస్ క్యాలిబ్రేటర్‌లో చూస్తారు, టెక్నీషియం 140 కేఈవీ గామా సీసంలో ఆగిపోతుంది, మాలిబ్డినం 740, 778 కేఈవీ గామాలు కొంత బయటికొస్తాయి.

వచ్చే వారానికి రెండు లెక్కలు. ఒకటి, పొద్దున 9కి తీసిన ఎల్యూయేట్‌లో మెగాబెకెరెల్‌కి 0.05 కిలోబెకెరెల్ మాలిబ్డినం ఉంది, ఎన్ని గంటలకి అది 0.15 చేరుతుంది? వయల్‌లోకి కొత్తగా వచ్చి పడే మాలిబ్డినం లేదు, కానీ టెక్నీషియం తొందరగా పోతుంది కాబట్టి నిష్పత్తి పెరుగుతుంది, రెండు డికే కాన్‌స్టంట్ల తేడా వాడండి, పదిన్నర గంటల దగ్గర వస్తే మీది కరెక్ట్. రెండోది, జర్మేనియం-68 హాఫ్ లైఫ్ 271 రోజులు, దాని డాటర్ గాలియం-68ది 68 నిమిషాలు. కడిగాక మళ్ళీ 90 శాతం చేరడానికి ఎంతసేపు? ఇక్కడ పేరెంట్ తగ్గుదలని ఎందుకు వదిలేయొచ్చో ఒక్క వాక్యంలో రాసి మరీ చేయండి, సెక్యులర్ ఈక్విలిబ్రియం పాఠం అక్కణ్ణుంచే మొదలుపెడతాను.